వేల్స్ పొగబండ్ల యాత్ర: ముందు టైంటేబుల్, తర్వాతే హోటల్

వేల్స్ మొత్తం కలిపినా ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్తే పెద్దది. అంత చిన్న నేల మీద డజనుకు పైగా వారసత్వ రైల్వేలు ఇప్పటికీ ఆవిరి ఇంజన్లతో బండ్లు నడుపుతున్నాయి. మ్యాప్ చూడగానే, కారు తీసుకుని రోజుకు రెండు మూడు చొప్పున నాలుగు రోజుల్లో అన్నీ చుట్టేయొచ్చు అనిపిస్తుంది. ప్లాన్ తప్పేది సరిగ్గా అక్కడే. రోజుకు ఒక రైల్వే, మహా అయితే పక్కనే ఉన్న ఇంకో చిన్న లైను, అంతే పడుతుంది. ఎందుకో తెలియాలంటే ఈ బండ్లు నడిచే పద్ధతి కొంచెం తెలియాలి. అది తెలిశాక టికెట్లు, బస, దారి అన్నీ వాటంతటవే కుదురుతాయి.

ఉదయం పదికి ముందు బండి ఎందుకు ఉండదు

ఆవిరి ఇంజన్‌ను అప్పటికప్పుడు స్టార్ట్ చేయడం కుదరదు. రాత్రంతా చల్లారిన బాయిలర్‌లో నిప్పు రాజేశాక, చాలినంత ప్రెషర్ రావడానికి సన్న పట్టాల మీద నడిచే చిన్న నారోగేజ్ ఇంజన్‌కు కూడా మూడు నాలుగు గంటలు పడుతుంది. తొందరపడి మంట పెంచితే లోపలి గొట్టాలు, పలకలు పొంతన లేకుండా వ్యాకోచించి అతుకుల దగ్గర కారడం మొదలవుతుంది. ఈలోపు నిన్నటి బూడిద తీయాలి, పొగపెట్టె శుభ్రం చేయాలి, కదిలే ప్రతి కీలుకూ నూనె పోయాలి. సిబ్బంది తెల్లవారకముందే షెడ్డుకు చేరినా, చాలా లైన్లలో మొదటి బండి కదిలేసరికి పది అవుతుంది. సాయంత్రం మళ్లీ నిప్పు దించి ఇంజన్‌ను సర్దే పని ఉంటుంది కాబట్టి చివరి బండి నాలుగు, ఐదు గంటలకల్లా తిరిగొచ్చేస్తుంది.

మధ్యలో మిగిలిన ఆరేడు గంటల్లో కూడా బండ్లు వరసగా ఉండవు. ఉన్నది ఒకటే లైను. ఎదురుబండి తప్పుకోవడానికి అక్కడక్కడా లూపులు ఉంటాయి. ముందున్న సెక్షన్ ఖాళీగా ఉందని గుర్తుగా ఇచ్చే టోకెన్ చేతికి అందనిదే డ్రైవర్ అందులోకి వెళ్లకూడదు. అందుకే ఒక బండి పది నిమిషాలు ఆలస్యమైతే ఎదురుగా రావాల్సింది కూడా లూపులోనే నిలబడుతుంది. చివరి స్టేషన్లో ఇంజన్‌ను విప్పి, పక్క లైను మీదుగా అవతలి కొసకు తెచ్చి తగిలించాలి. నీళ్లు పట్టాలి. ఇదంతా కలిపితే ఒక రైలు రోజుకు రెండు మూడు ట్రిప్పులకు మించి తిరగదు. మీరు ఒకటి తప్పితే తర్వాతది గంటన్నరకో, రెండున్నర గంటలకో ఉంటుంది. ఒక్కోసారి అసలు ఉండదు.

వీటిని నడిపే వాళ్లలో ఎక్కువ మంది వాలంటీర్లు. వాళ్లకు ఉద్యోగాలున్నాయి, సెలవులున్నప్పుడే వస్తారు. అందుకే ఈ రైల్వేలకు ఏడాదంతా ఒకటే టైంటేబుల్ ఉండదు. క్యాలెండర్లో ఒక్కో తేదీకి ఒక్కో రంగు వేస్తారు, ఒక్కో రంగుకు ఒక్కో టైంటేబుల్. రంగు లేని తేదీన బండి లేదు. సీజన్ స్థూలంగా మార్చి చివర్లో మొదలై అక్టోబర్ చివరి దాకా నడుస్తుంది. ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో వారంలో ఒకటి రెండు రోజులు సెలవు ఇచ్చే లైన్లు చాలా ఉన్నాయి. ఆగస్టు టైంటేబుల్ చూసి మే నెలకు హోటల్ బుక్ చేసుకోవడం అందరూ చేసే పొరపాటు. వెళ్లాలనుకున్న వారం మీద వేలు పెట్టి, ఒక్కో రైల్వే క్యాలెండర్‌లో ఆ ఏడు తేదీల రంగులు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే మీ ప్లాన్.

టికెట్ కొన్నంత మాత్రాన ఆవిరి ఇంజనే వస్తుందన్న హామీ కూడా అన్నిచోట్లా ఉండదు. వానలు లేక గడ్డి ఎండిపోయిన వేసవుల్లో చిమ్నీ నిప్పురవ్వలకు పట్టాల పక్కన మంటలు లేస్తాయి కాబట్టి డీజిల్ ఇంజన్ పెడతారు. బాయిలర్‌కు పదేళ్లకోసారి పూర్తిగా విప్పి చేసే ఓవర్‌హాల్ ఉంటుంది. అప్పుడు ఆ ఇంజన్ ఏళ్ల తరబడి వర్క్‌షాప్‌లోనే ఉంటుంది. ఫలానా ఇంజన్ కోసమే వెళ్తుంటే ఆ వారం ఏ ఇంజన్ డ్యూటీలో ఉందో రైల్వేను అడిగి తెలుసుకోండి. బొగ్గు కూడా ఇప్పుడు కష్టమైంది. మెర్థర్ టిడ్‌ఫిల్ దగ్గరి ఫోస్-ఎ-వ్రాన్ గని 2023 నవంబర్‌లో మూతపడ్డాక, గుమ్మంలో దొరికే వెల్ష్ స్టీమ్ కోల్ పోయింది. దిగుమతి బొగ్గు, పొడిని నొక్కి చేసిన బొగ్గు ఉండలు వాడి చూస్తున్నారు. టికెట్ ధరల్లో ఆ భారం కనిపిస్తుంది.

పోర్త్‌మడోగ్‌లో నాలుగు రాత్రులు

ఒక్క ఊళ్లోనే దిగాలంటే అది వాయవ్య వేల్స్ తీరంలోని పోర్త్‌మడోగ్. ఇక్కడి హార్బర్ స్టేషన్ నుంచి ఒకే కంపెనీకి చెందిన రెండు రైల్వేలు బయల్దేరతాయి. ఒకటి ఫెస్టినియోగ్, రెండోది వెల్ష్ హైలాండ్. రెండింటికీ పట్టాల మధ్య దూరం 597 మిల్లీమీటర్లే, అంటే రెండడుగుల లోపు. కొండ అంచును అంటిపెట్టుకుని మెలికలు తిరగాలంటే వెడల్పు పట్టాలకు చోటు చాలదు, సొరంగాలకూ వంతెనలకూ ఖర్చు పెరుగుతుంది. గేజ్ ఇంత సన్నగా ఉండటానికి అదే కారణం.

ఫెస్టినియోగ్ కంపెనీ 1832లో పార్లమెంటు చట్టంతో పుట్టింది. ఇప్పటికీ బతికున్న రైల్వే కంపెనీల్లో ప్రపంచంలోనే పాతదని దీనికి పేరు. 1836లో లైను తెరిచినప్పుడు ఇంజన్ లేదు. బ్లైనై ఫెస్టినియోగ్ పలకరాయి గనుల నుంచి రేవు దాకా 13న్నర మైళ్లూ పల్లమే ఉండేలా దారి వేశారు. రాయి నింపిన బండ్లు బ్రేకుమన్‌ల చేతుల్లో వాటంతటవే దిగేవి. ఖాళీ బండ్లను పైకి లాగే గుర్రాలు కిందికి వచ్చేటప్పుడు అదే రైల్లో తమకోసం పెట్టిన పెట్టెలో నిలబడి వచ్చేవి. 1863లో ఆవిరి ఇంజన్లు వచ్చాయి. 1946లో లైను మూతపడింది, 1955 నుంచి ముక్కముక్కగా తెరుస్తూ 1982కు మళ్లీ బ్లైనై చేరుకున్నారు. అంత కాలం పట్టడానికి కారణం, మధ్యలో కొంత దారి జలవిద్యుత్ ప్రాజెక్టు రిజర్వాయర్ కింద మునిగిపోవడం. దానికి పైనుంచి కొత్త దారి వేయాలంటే ఎత్తు కావాలి. అందుకే దియాల్ట్ దగ్గర లైను ఒక చుట్టు తిరిగి తన మీదుగానే దాటుతుంది. కిటికీలోంచి చూస్తే కాసేపటి క్రితం వచ్చిన పట్టాలే కింద కనిపిస్తాయి.

ఇక్కడి డబుల్ ఫెయిర్లీ ఇంజన్‌ను బయల్దేరే ముందు దగ్గరికెళ్లి చూడండి. రెండు కొసలా రెండు చిమ్నీలు, మధ్యలో క్యాబ్. బాయిలర్లు రెండూ బొగ్గు మండే ఫైర్‌బాక్స్ దగ్గర కలుస్తాయి. ఆ ఫైర్‌బాక్స్ క్యాబ్‌ను నిలువునా రెండుగా చీలుస్తుంది కాబట్టి డ్రైవర్ ఒక పక్క, ఫైర్‌మన్ ఇంకో పక్క ఉంటారు, ప్రయాణంలో అటూ ఇటూ మారలేరు. కింద చక్రాల చట్రాలు రెండూ విడివిడిగా తిరుగుతాయి. అందుకే అంత పొడవు ఇంజన్ ఆ మలుపుల్లో ఇరుక్కోదు. 1879 నాటి మెర్డిన్ ఎమ్రిస్ ఇప్పటికీ ఉంది. అదే పద్ధతిలో సొంత వర్క్‌షాప్ బోస్టన్ లాడ్జ్‌లో కట్టిన జేమ్స్ స్పూనర్ 2023లో పనిలోకి వచ్చింది.

పైకి వెళ్లడానికి గంటంబావు పడుతుంది. పోర్త్‌మడోగ్ దాటగానే సముద్రపు పాయ మీద కట్టిన కాబ్ కట్ట వస్తుంది. అక్కడ ఎడమ కిటికీలో స్నోడన్ కొండల వరస, ఆ తర్వాత దియాల్ట్ దాకా కుడి కిటికీలో లోయ. ఒక పక్కే ఎంచుకోవాలంటే కుడి పక్క మేలు. తిరుగు ప్రయాణంలో సహజంగానే తారుమారవుతుంది.

వెల్ష్ హైలాండ్ 25 మైళ్లు, బ్రిటన్‌లోని వారసత్వ రైల్వేల్లో ఇదే పొడవైనది. పాత లైను 1930ల్లోనే చచ్చిపోయింది. పట్టాలు పీకేసిన దారి మీద మళ్లీ వేసుకుంటూ 2011లో కేర్నార్వన్‌ను పోర్త్‌మడోగ్‌తో కలిపారు. ఇక్కడ గారట్ ఇంజన్లు లాగుతాయి. వీటిలో ఎక్కువ భాగం మాంచెస్టర్‌లో తయారై దక్షిణాఫ్రికాలో పనిచేసి తిరిగొచ్చినవి. మధ్యలో ఒక్క బాయిలర్, ముందూ వెనకా రెండు ఇంజన్ చట్రాలు. వాల్తేరు దాకా బండ్లు నడిపిన పాత బెంగాల్ నాగపూర్ రైల్వే కూడా బరువు పనికి ఈ గారట్‌లనే వాడింది. ఒక వైపుకే రెండు గంటలకు పైగా పడుతుంది కాబట్టి దీనికి రోజంతా కేటాయించండి. కేర్నార్వన్ నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు ముందు ఎడమన స్నోడన్, కుడిన క్వెల్లిన్ సరస్సు, బెద్‌గెలర్ట్ దాటాక అబర్‌గ్లాస్లిన్ కనుమలో నది కుడిపక్కే ఉంటాయి. ఈ ముప్పావు మైలు కనుమే మొత్తం యాత్రలో అన్నిటికంటే అందమైన దారి అని గట్టిగా చెప్పొచ్చు.

రెండు జాగ్రత్తలు. పోర్త్‌మడోగ్‌లో వెల్ష్ హైలాండ్ హెరిటేజ్ రైల్వే అని ఇంకొకటి ఉంది. అది నేషనల్ రైల్ స్టేషన్ ఎదుట మైలు లోపు నడిచే చిన్న బండి. పిల్లలకు బాగుంటుంది కానీ మీరు టికెట్ కొన్న 25 మైళ్ల బండి అది కాదు, హార్బర్ స్టేషన్ ఊరికి అవతలి కొసన ఉంటుంది, నడిస్తే పది పదిహేను నిమిషాలు. రెండోది, ఈ రెండు పెద్ద లైన్లలోనూ ఇప్పుడు సీటు నంబరుతో ముందస్తు బుకింగే ఎక్కువ. చాలా టికెట్లు వెళ్లి అదే బండిలో తిరిగొచ్చే రౌండ్ ట్రిప్పులు. మధ్య స్టేషన్లో దిగి తర్వాతి బండి ఎక్కుదాం అనుకుంటే సీటు ఉండకపోవచ్చు. వన్‌వే కావాలంటే బుక్ చేసేటప్పుడే వెతకాలి. లాన్‌డడ్నో జంక్షన్ నుంచి కాన్వీ లోయ లైనులో బ్లైనైకి, అక్కడి నుంచి ఫెస్టినియోగ్‌లో పోర్త్‌మడోగ్‌కు రావడం కాగితం మీద చక్కగా కనిపిస్తుంది, బ్లైనైలో రెండు రైల్వేలకూ ఒకే స్టేషన్ కూడా. కానీ పెద్ద సూట్‌కేసులతో చేయకండి, నారోగేజ్ పెట్టెల్లో వాటికి చోటుండదు. పైగా కాన్వీ లోయ లైను తుఫాన్లకు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి మూతపడిన సందర్భాలు చాలా ఉన్నాయి. రైలు బదులు బస్సు వేస్తే మీ కనెక్షన్ పోయినట్టే.

స్నోడన్: అన్నిటికంటే ముందు బుక్ చేయాల్సింది

లాన్‌బెరిస్ నుంచి శిఖరానికి వెళ్లే స్నోడన్ రైలు 1896 నాటిది. పట్టాల మధ్య పళ్ల పట్టీ, దానిలో ఇంజన్ కింది పళ్ల చక్రం పట్టు. ఊటీకి వెళ్లే నీలగిరి రైలుదీ ఇదే ఆబ్ట్ పద్ధతి. తేడా వాలులో ఉంది. నీలగిరిలో గరిష్ఠంగా పన్నెండున్నర అడుగులకు ఒక అడుగు ఎక్కితే, ఇక్కడ ఐదున్నరకే ఒక అడుగు. ఇంజన్ కింది పక్కన ఉండి ఒకే ఒక్క పెట్టెను పైకి నెడుతుంది. పెట్టె ఒకటే కాబట్టి సీట్లు తక్కువ. వేసవి సెలవుల్లో అప్పటికప్పుడు టికెట్ దొరుకుతుందని ఆశపడకండి.

ఆవిరి బండికీ డీజిల్ బండికీ టికెట్లు వేరు, ధరలు వేరు, ఏది నొక్కుతున్నారో చూసుకోండి. సీజన్ మొదట్లో శిఖరం దాకా పోకుండా, ముప్పావు దారిలో ఉన్న క్లోగ్విన్ దగ్గరే ఆపుతారు. గాలి బలంగా ఉంటే జూలైలో కూడా అంతే. పోను గంట, పైన అరగంట, రాను గంట. వెళ్లిన బండిలోనే రావాలి. ఆ అరగంట దాటిందో, మీ సీటు పోయి 1,085 మీటర్ల నుంచి నడిచి దిగాల్సి వస్తుంది. కింద ఎండ కాస్తున్నా పైన మబ్బు, చలి ఉంటాయి. వాన కోటు, మందపాటి స్వెటర్ తప్పనిసరి. అదే రోజు మిగిలిన సమయానికి, రోడ్డు దాటితే లాన్‌బెరిస్ లేక్ రైల్వే ఉంది. రోజుకు రెండు లైన్లు కలిసొచ్చే చోటు ఇదొక్కటే. పోర్త్‌మడోగ్ నుంచి బస్సులో వచ్చేవాళ్లు కేర్నార్వన్‌లో మారాలి.

తీరం వెంట దక్షిణానికి

పోర్త్‌మడోగ్ నుంచి కేంబ్రియన్ తీరపు లైను హార్లెక్ కోట కిందుగా, బార్మత్ కొయ్య వంతెన మీదుగా టవిన్ చేరుతుంది. అది మామూలు డీజిల్ రైలే, కానీ సముద్రం పక్కనే నడుస్తుంది. దీన్ని ప్రయాణంగా కాదు, ఒక ప్రోగ్రాంగానే లెక్కవేసి, సముద్రం వైపు, అంటే కుడిపక్క కూర్చోండి.

టవిన్‌లో తాలిలిన్ రైల్వే. రైల్వేలను వాలంటీర్లు కాపాడుకోవడం ప్రపంచంలో మొదలైంది ఇక్కడే, 1951లో. దీని పెట్టెలకు తలుపులు ఒక పక్కే తెరుచుకుంటాయి. 1866లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తే, వంతెనల కింద పెట్టెకూ గోడకూ మధ్య సందు చాలలేదు. తలుపు తెరిస్తే మనిషి నలిగిపోతాడు. వంతెనలు పగలగొట్టే డబ్బు కంపెనీకి లేదు. పట్టాలను ఒక పక్కకు జరిపి, ఇరుకు పక్క తలుపులు శాశ్వతంగా మూసేశారు. ఆ ఏర్పాటే నేటికీ నడుస్తోంది. డోల్‌గోఖ్‌లో దిగి జలపాతం చూసి తర్వాతి బండిలో ముందుకు వెళ్లొచ్చు. చివరి స్టేషన్ నాంట్ గ్వెర్నోల్‌కు రోడ్డు లేదు, కాబట్టి కారులో వచ్చి అక్కడ ఎవరూ ఎక్కించుకోలేరు.

అబరిస్ట్‌విత్ నుంచి డెవిల్స్ బ్రిడ్జ్ దాకా వెళ్లే వేల్ ఆఫ్ రైడాల్ 1902లో తెరిచారు. ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ రైల్ మెయిన్‌లైన్ మీద ఆవిరిని 1968లో ఆపేసినా ఈ ఒక్క లైనును 1989 దాకా ఆవిరితోనే నడిపింది. స్టేషన్ మెయిన్‌లైన్ పక్కనే, ఎక్కేటప్పుడు ఎడమ పక్క లోయ. పైన సుమారు గంట విరామం ఉంటుంది. జలపాతం మెట్లు నిటారుగా ఉంటాయి, ఆ గంటలో దిగి ఎక్కి టీ కూడా తాగాలంటే కుదరదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వంతెన దగ్గరే ఆగడం మంచిది. అక్కడ ఒకదాని మీద ఒకటిగా మూడు కాలాల మూడు వంతెనలు కనిపిస్తాయి.

వెల్ష్‌పూల్ అండ్ లాన్‌వైర్ లైను గేజ్ రెండున్నర అడుగులు. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా నడిచిన చిన్నబండిదీ అదే కొలత. ఆ లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది. ఆ బండి చూడని తరానికి దాని ఒడ్డూపొడుగూ ఎలా ఉండేవో ఇక్కడ తెలుస్తుంది. ఇక్కడి గోల్ఫా ఎత్తులో 29 అడుగులకు ఒక అడుగు ఎక్కాలి. వానపడి పట్టాలు తడిస్తే చక్రాలు జారుతాయి, డ్రైవర్ ఇసుక వదులుతూ ఎక్కిస్తాడు. స్టేషన్ మెయిన్‌లైన్ నుంచి మైలు దూరం.

మిగిలినవి మొదటి యాత్రలో ఇరికించకండి. లాన్‌గోలెన్ మామూలు రైళ్లంత వెడల్పు పెట్టెల స్టాండర్డ్ గేజ్ లైను, పది మైళ్లు, 2023 నుంచి కోర్వెన్ ఊళ్లోకి వెళ్తోంది. లాన్‌గోలెన్‌కు మామూలు రైలు లేదు, రూఆబన్‌లో దిగి బస్సెక్కాలి. బ్రెకన్ మౌంటెన్ రైల్వే దక్షిణాన ఉంది. కార్డిఫ్‌లో బంధువులుంటే, 1804లో ట్రెవితిక్ ఆవిరి ఇంజన్ మొదటిసారి పట్టాల మీద బరువు లాగిన మెర్థర్ ప్రాంతంతో కలిపి ఒక రోజు పెట్టుకోవచ్చు.

రాకపోకలు, బుకింగ్ వరస

బర్మింగ్‌హామ్ ఇంటర్నేషనల్ నుంచి వెల్ష్‌పూల్ మీదుగా వచ్చే రైలు మహన్‌లెత్‌లో రెండుగా విడిపోతుంది. ఒక సగం అబరిస్ట్‌విత్‌కు, ఇంకో సగం తీరం వెంట పోర్త్‌మడోగ్ మీదుగా పుహెలీకి. తప్పు పెట్టెలో నిద్రపోతే వేరే ఊళ్లో లేస్తారు, ఎక్కేటప్పుడే తలుపు పక్క బోర్డు చదవండి. ఈ రైళ్లు సుమారు రెండు గంటలకొకటి. టవిన్ నుంచి అబరిస్ట్‌విత్ వెళ్లేటప్పుడు డవీ జంక్షన్లో కాకుండా మహన్‌లెత్‌లో మారండి. డవీ జంక్షన్ చిత్తడి నేల మధ్యలో ఉన్న ప్లాట్‌ఫారం, వానొస్తే తలదాచుకునే చోటు కూడా సరిగా ఉండదు. చిన్న హాల్టుల్లో రైలు దానంతటది ఆగదు. ఎక్కాలంటే చెయ్యి ఊపాలి, దిగాలంటే గార్డుకు ముందే చెప్పాలి. ఎనిమిది రోజుల్లో ఏవైనా నాలుగు రోజులు రైళ్లెక్కే ఎక్స్‌ప్లోర్ వేల్స్ పాస్ మామూలు రైళ్లకు పనికొస్తుంది. పొగబండ్లకు టికెట్ వేరే కొనాలి.

భారత్ నుంచి వెళ్లేవాళ్లకు బ్రిటన్ విజిటర్ వీసా చాలు, వేల్స్‌కు వేరే ఏమీ అక్కర్లేదు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. వీసా వచ్చాక ముందు స్నోడన్ తేదీ, తర్వాత వెల్ష్ హైలాండ్, తర్వాత ఫెస్టినియోగ్ ఖాయం చేసుకుని, ఆ తర్వాత బస చూడండి. తాలిలిన్, రైడాల్ మిగిలిన రోజుల్లో సర్దుకుంటాయి. బ్రిటన్‌లో ఉండే తెలుగువాళ్లు బ్యాంక్ హాలిడే వారాంతాల్లో కాకుండా జూన్ మొదటి సగంలోనో, సెప్టెంబర్‌లోనో వెళ్తే సీట్లూ గదులూ సులువుగా దొరుకుతాయి.

పోర్త్‌మడోగ్‌లో పెద్ద సూపర్‌మార్కెట్లు ఉన్నాయి కాబట్టి ఆరుగురు ఎనిమిదిమంది కలిసి వెళ్తుంటే వంటిల్లున్న కాటేజీయే నయం. చిన్న ఊళ్లలో వంట రాత్రి ఎనిమిదింటికే ఆపేస్తారు. శాకాహారులు వెల్ష్ రేర్‌బిట్ (చీజ్ సాస్ పోసిన టోస్ట్) ఏమేసి చేశారో అడిగాకే తినండి, అందులో పోసే వూస్టర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. వెల్ష్ కేకులు కొన్నిచోట్ల పంది కొవ్వుతో చేస్తారు. స్టేషన్ కేఫుల్లో బీన్స్ వేసిన జాకెట్ పొటాటో (తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప) ఎప్పుడూ దొరుకుతుంది.

ఎండ ఉన్న రోజు కిటికీలు లేని ఓపెన్ పెట్టె బాగుంటుంది. కానీ ఇంజన్ వెనక మొదటి పెట్టెలో కూర్చుంటే బొగ్గునుసి కళ్లలో పడుతుంది. నుసి పడితే నలపకండి, మంచినీళ్లతో కడగండి. తల, ఫోన్ బయటికి పెట్టకండి, రాతిగోడలు జానెడు దూరంలోనే పోతుంటాయి. లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి టికెట్లు ఫోన్‌లో ముందే సేవ్ చేసుకుని, ఒక కాపీ కాగితం మీద కూడా పెట్టుకోండి. వారంలో ఒక రోజు ఏమీ బుక్ చేయకుండా వదిలేయండి. గాలికి స్నోడన్ రద్దయితే ఆ రోజు మళ్లీ ప్రయత్నించొచ్చు. అంతా సవ్యంగా సాగితే అబర్‌గ్లాస్లిన్ కనుమలో నది పక్కన నడకదారి ఉంది, నాంట్‌మోర్ నుంచి బెద్‌గెలర్ట్ దాకా వెళ్లొచ్చు. దారి రాళ్లతో ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకుని, బండి ఆ కనుమ దాటే సమయం ముందే చూసుకుని బయల్దేరండి.